పేరు ముందా, లెక్క ముందా

ఆ జులైలో నాగలత ఒక బాణం గుర్తు మీద పంతం పట్టింది.

పినపాక మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్ళో, హైస్కూల్లో ఆమె లెక్కల టీచరు. నలభై ఒక్క ఏళ్ళు. పుట్టింది మధిర వైపు. బదిలీ మీద ఇటు వచ్చి పదేళ్ళుగా మణుగూరులో కిరాయి ఇంట్లో ఉంటోంది. కంప్యూటరు ఆమె చదువుకున్న చదువులో లేదు. నాలుగేళ్ళ కిందట ఎవరో దాతలు స్కూలుకి ఆరు పాత కంప్యూటర్లు ఇచ్చినప్పుడు, వాటి మీద దుమ్ము పేరుకోకుండా చూడమని హెడ్మాస్టరు గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. తుడిచి గుడ్డ కప్పడానికి మనసొప్పక, ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టింది. అలా వెతుకుతుంటే దొరికింది ‘తొవ్వ’.

తొవ్వ అంటే దారి; తెలుగు మాటలతో ప్రోగ్రాములు రాసే చిన్న భాషకు పెట్టిన పేరు. ఖమ్మంలో ఇంజినీరింగ్ కలిసి చదివిన సాయికిరణ్, షబ్రీన్ దాన్ని బడిపిల్లల కోసం తయారుచేశారు. సాయికిరణ్ పెనుబల్లిలో ఇంటినుంచే ఒక కంపెనీకి పనిచేస్తూ, మిగతా వేళల్లో తొవ్వ పని చూస్తాడు. షబ్రీన్ ఖమ్మంలో తండ్రి ఆజం బట్టల కొట్టు పైగదిలో కూర్చుని, భాషకు సంబంధించిన పుస్తకమంతా రాస్తుంది. భాషలో ఏ మార్పు చేయాలన్నా ముందు వాట్సాప్ గ్రూపులో నెలరోజులు వాదించుకోవాలి. అప్పటికీ తేలకపోతే షబ్రీన్ తేలుస్తుంది. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

తొవ్వలో ‘మట్టం తెలుసుకో’ అని రాస్తే కంప్యూటరు మట్టం ఎంతో అడుగుతుంది. ‘చెప్పు’ అని రాసి పక్కన లెక్క రాస్తే జవాబు చూపిస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు పదిహేను నిమిషాల్లో పట్టేశారు. చిక్కంతా పెద్ద లెక్కల దగ్గర వచ్చింది. లెక్క మధ్యలో పుట్టే సంఖ్యలకు పేరు పెట్టే దారి లేదు. ఎంత పొడుగు లెక్కయినా బ్రాకెట్లో బ్రాకెట్ పెట్టి ఒకే వాక్యంలో రాయాలి. ఎక్కడైనా తప్పు పడితే పిల్లలకే కాదు, నాగలతకు కూడా దొరికేది కాదు. మధ్య సంఖ్యలకు పేర్లు కావాలని ఏప్రిల్‌లో గ్రూపులో మొదట అడిగింది ఆమే. అందరూ నిజమేనన్నారు. పేరు ఎలా పెట్టాలన్న దగ్గర మొదలైంది గొడవ.

జులై మొదట్లో సాయికిరణ్ బాణం గుర్తు పెడదామన్నాడు. లెక్క ఎలా సాగుతోందో అలాగే సాగనిచ్చి, బ్రాకెట్ లోపలే బాణం వేసి పేరు రాయడం. వాక్యం తెగదు, చేతికి పని తక్కువ. నాగలత ఒప్పుకోలేదు. లెక్కల క్లాసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఉండగా కొత్త గుర్తెందుకని ఆమె వాదన. బోర్డు మీద ‘క్ష విలువ ఇంత అనుకో’ అని రాసి కదా లెక్క మొదలుపెడతాం. అలాగే ముందు పేరు, తర్వాత విలువ, చివర ‘అనుకో’. ఒక్కో పేరుకు ఒక్కో లైను.

గ్రూపులో ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఇంజినీర్లు. ఆమె పేరాలు పేరాలు రాస్తే వాళ్ళు రెండు ముక్కల్లో కొట్టేసేవారు. మూడోవారంలో ఒకరోజు సాయికిరణ్ ఇలా రాశాడు: ‘ఇది బ్లాక్‌బోర్డు కాదు మేడం, భాష.’

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. బస్సులో ఇంటికొస్తూ జవాబు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చివరికి ‘మీరు ఒక్కసారి ఆ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి చూడండి’ అని మాత్రం పంపింది. ఇక గ్రూపులోంచి బయటికి వచ్చేద్దామనుకుంది.

పావుగంటలో ఫోన్ మోగింది.

“మేడం, సాయికిరణ్‌ని. నేను రాసింది బాగాలేదు. షబ్రీన్ కూడా తిట్టింది,” అన్నాడు. “మీ క్లాసులో ఒకరోజు వెనక కూర్చోవచ్చా?” అని అడిగాడు.

“పెనుబల్లి నుంచా? ఎంత దూరమో తెలుసా మీకు?”

“చూసినా మేడం. మూడు బస్సులు.”

వస్తామన్నవాళ్ళను చాలామందిని చూసింది నాగలత. ఈయనా అంతేలే అనుకుంది. మంగళవారం మధ్యాహ్నం, ముసురులో తడిసి, భుజాన లాప్‌టాప్ సంచీ మీద ఎరువుల బస్తా కవరు కప్పుకుని అతను స్కూలు వరండాలో నిలబడి ఉంటే ఒక్కక్షణం ఎవరో అనుకుంది.

అతను ఊరికే రాలేదు. రెండు పద్ధతులూ పనిచేసేలా తొవ్వను మార్చి తెచ్చాడు. తన బాణమూ ఉంది, ఆమె ‘అనుకో’ కూడా ఉంది. తాను ఒప్పుకోని పద్ధతికి కూడా కూర్చుని పనిచేసి తెచ్చాడంటే నాగలతకు నమ్మబుద్ధి కాలేదు.

“ఇదెప్పుడు చేశారు?”

“ఆదివారం. మీది కూడా నడవకపోతే పోలిక ఎట్లా తెలుస్తుంది మేడం,” అన్నాడు తల తుడుచుకుంటూ.

తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు జట్లు చేశారు. కిటికీ వైపు కూర్చున్నవాళ్ళకు బాణం, గోడ వైపు వాళ్ళకు ‘అనుకో’. లెక్క మాత్రం రెండు జట్లకూ ఒకటే. ఆ వారమంతా గోదావరి పెరుగుతోంది. రేవులో సిమెంటు స్తంభం మీద పిల్లలు కిందటేడు రంగుతో అడుగుల గుర్తులు వేశారు. రోజూ పొద్దున ఒక జట్టు వెళ్ళి మట్టం చూసి నోటుబుక్కులో రాసి వస్తుంది. ఆ ఒడ్డునే రైతుల మోటార్లు ఉంటాయి. వాటికి కట్టిన గద్దె సరిగ్గా ఇరవై అడుగుల గుర్తుకు సమానం. పొద్దున నోటుబుక్కులో రాసిన మట్టం పన్నెండు. రెండు గంటలకు చూసొచ్చిన మట్టం పదహారు. నీళ్ళు గద్దెను తాకడానికి ఇంకా ఎన్ని గంటలు పడుతుంది? అదీ లెక్క.

బాణం జట్టు తొందరగానే ముగించింది. నాగలతకు కొంచెం ఉక్రోషం వచ్చింది. గోడ వైపు చూస్తే సాహిత్య అనే అమ్మాయి ఇంకా మొదటి లైను దగ్గరే ఉంది. లెక్కల్లో క్లాసుకే ముందుండే పిల్ల.

“ఏమైంది సాహిత్యా?”

“పేరు ముందు రాయమన్నరు కదా మేడం. ఏం రాయాలె?” అంది ఆ అమ్మాయి. “ఇరవైలకెళ్ళి మట్టం తీసేస్తే ఏదో వస్తది. అది వచ్చినంక గదా, అదేందో తెలిసేది. రాకముందే పేరెట్ల పెడతం?”

నాగలత పదిహేడేళ్ళుగా బోర్డు మీద ‘అనుకో’ అని రాస్తోంది. ఆ పేరు ముందు ఎక్కడినుంచి వచ్చిందని ఏ పిల్లా ఆమెను అడగలేదు. ఆమెకు తెలుసు కాబట్టి ముందే రాసేసేది. తెలియనివాళ్ళకు అది మూసిన తలుపు. సాయికిరణ్ కోసం వెనక బెంచీ వైపు చూసింది. అతను గెలిచినట్టు మొహం పెడతాడేమోనని. అతను మాత్రం కిటికీ వైపు జట్టు దగ్గర నడుం వంచి, ఒకమ్మాయి రాసిందాన్ని చదవమని అడుగుతున్నాడు. ఆ అమ్మాయి తాను రాసిందే చదవలేక బాణాల మధ్య తప్పిపోతోంది.

“ఇక్కడ ఈ బాణం దేనికి పెట్టినవమ్మా? మొత్తం బ్రాకెట్‌కా, ఈ ముక్కకేనా?”

“తెల్వదు సార్. జవాబు అయితే వచ్చింది.”

జవాబు ఎనిమిది. గోడ వైపు చేసినవాళ్ళకూ ఎనిమిదే వచ్చింది. రాత్రి పదింటికి నీళ్ళు గద్దెను తాకుతాయన్నమాట.

సరిగ్గా అప్పుడే సాహిత్య తండ్రి రూప్‌సింగ్ గుమ్మం దగ్గరికొచ్చాడు. పక్క తండావాళ్ళే, ఒడ్డున మూడెకరాల పత్తి ఉంది. వాగు పొంగకముందే కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చాడు. ఆ అమ్మాయి అతనితో లంబాడీలో ఏదో చెప్పింది. అతని మొహం తేటపడింది.

“మంచిగయింది మేడం. గద్దె మీద ఇంక మా మోటారు ఒక్కటే ఉంది. పది దాక టైం ఉంటే, పినపాక పోయి మా అమ్మకు మందులు తెచ్చుకుని, అన్నం తిని దింపుకుంటం మోటారు. నీళ్ళు ఎక్కుడు చూస్తనే ఉన్న గని, గద్దె కాడికి ఎప్పుడొస్తదో లెక్క కట్టలే.”

అతను వెనక్కి తిరిగేలోపు సాయికిరణ్ అడిగాడు. “అన్నా, మీరు ఒకసారి ఈ లెక్క చూస్తారా? సరిగ్గా ఉందో లేదో?”

రూప్‌సింగ్ ఏడో తరగతి వరకు చదువుకున్నాడు. తెర దగ్గరికి వచ్చి బాణాలతో ఉన్న వాక్యాన్ని పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూసి నవ్వాడు.

“ముగ్గేసినట్టు ఉంది సారూ. మనకేం తెలుస్తది.”

నాగలత చాక్‌పీసు సాహిత్యకు ఇచ్చింది. “లెక్కే ముందు రాయి. ఏమొచ్చిందో చూసుకుని, అప్పుడు పేరు పెట్టు. ఒక్కొక్కటీ ఒక్కో లైను. మీ నాయనకు అర్థమయ్యేటట్టు.”

ఆ అమ్మాయి బోర్డు దగ్గరికెళ్ళి, ‘20 - మట్టం’ అని రాసి, ఆగి, నాలుగు అని పక్కన వేసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, “గద్దెకు ఇంక గింత మిగిలింది. దీన్ని మిగిలింది అందాం,” అంది. అన్నదే రాసింది. కాసేపటికి బోర్డు మీద ఇలా ఉంది:

20 - మట్టం. దీన్ని మిగిలింది అందాం. (4)
(మట్టం - పొద్దుటిమట్టం) / గంటలు. దీన్ని ఎక్కుడు అందాం. (అర)
మిగిలింది / ఎక్కుడు. చెప్పు. (8)

రూప్‌సింగ్ మొదటి లైను చదివి తలూపాడు. రెండో లైను దగ్గర ఆగిపోయాడు. వేలు ఎత్తి ఆ ‘అర’ను చూపించాడు.

“ఇదేంది బిడ్డా? ఎక్కుడు అంటే, గంటకు ఎక్కేదేనా?”

“అవ్ నాయనా. గంటకు అరడుగు.”

“గట్ల లేదు. పొద్దుగాల సంది నేను ఒడ్డు మీదనే ఉన్న. గంటకు అడుగు ఎక్కుతుంది. తక్కువ లేదు.”

“పొద్దున ఆరింటికి పన్నెండు ఉంది గదా. ఇప్పుడు పదహారు. ఎనిమిది గంటలల్ల నాలుగు అడుగులు.”

“ఆరింటికి ఎవరొచ్చిన్రు? ఆరింటికి కుండపోత వాన. మీ పోరగాండ్లు ఇయ్యాల పదింటికి వచ్చి చూసిపోయిన్రు. నేనే గొడుగు పట్టిన వాళ్ళకు.”

నోటుబుక్కు తెప్పించారు. పన్నెండు అని రాసి ఉంది కానీ, పక్కన వేళ రాయలేదు. రోజూ ఆరింటికే చూస్తారు కాబట్టి అందరూ ఆరే అనుకున్నారు. గంటలు ఎనిమిది కాదు, నాలుగు. గంటకు అడుగు. అంటే రాత్రి పదింటికి కాదు, సాయంత్రం ఆరింటికే నీళ్ళు గద్దె మీదకొస్తాయి. అప్పుడు టైము మూడు కావస్తోంది.

రూప్‌సింగ్ మందుల మాట మర్చిపోయాడు. ఫోన్ తీసి తండాలో తన అన్న దేవ్లాకు చేసి, తాళ్ళూ వెదురు బొంగులూ పట్టుకుని రేవుకు రమ్మన్నాడు. మనుషులు ముగ్గురే దొరికారు. సాయికిరణ్ లాప్‌టాప్ నాగలత చేతిలో పెట్టి, పాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వాళ్ళ వెంట నడిచాడు. నాగలత గదికి తాళం వేసి, సాహిత్యతో పాటు వెనకే బయలుదేరింది. మోటారు బోల్టులు తుప్పు పట్టి గంటసేపు రాలేదు. దాన్ని బొంగులకు కట్టి బురదలో గట్టెక్కిస్తుంటే అతను రెండుసార్లు పడ్డాడు. మోటారు ట్రాక్టరు ట్రాలీలోకి చేరేసరికి అయిదుంపావు. ఆరుకు పది నిమిషాలుందనగా ఎర్రనీళ్ళు గద్దె అంచును తాకడం ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా చూశారు. రూప్‌సింగ్ కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత అతని ఇంటి చూరు కింద అందరూ టీ తాగారు. రూప్‌సింగ్ ఇచ్చిన పొడి లుంగీ కట్టుకుని సాయికిరణ్ వణుకుతూ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“నా అనుకో ఓడిపోయింది,” అంది నాగలత.

“నా బాణం అంతకన్నా ముందే పోయింది మేడం. ఆయన ముగ్గన్నప్పుడే,” అన్నాడు అతను. “కానీ ఒకటి అడగాలి. లెక్క ముందు రావాలనేది నేను చెప్పిందే. ఒక్కో పేరుకు ఒక్కో లైను అనేది మీరు చెప్పిందే. ఇన్ని వారాలు మనం రెండూ ఎదురెదురు అనుకుని కొట్లాడినం. ఎందుకు?”

నాగలతకు నవ్వొచ్చింది.

“ఇంకో సంగతి మేడం. మొదట్లో నేనే లెక్క పక్కన ‘ని’ చేర్చి పేరు పెడదామని చూసినా. కుదరలేదు. మట్టం అనే మాటకు ‘ని’ చేరిస్తే మట్టాన్ని అవుతుంది. గంటలు అయితే గంటల్ని. మాట రూపమే మారిపోతే కంప్యూటరు గుర్తుపట్టదు. అందుకే విసిగిపోయి బాణం పట్టుకున్నా. మీ సాహిత్య ‘దీన్ని’ అని పక్కకు పెట్టేసరికి పేర్లేవీ మారాల్సిన పని లేకపోయింది. మూడు నెలలు తల పగలగొట్టుకున్నా నాకు తట్టలేదు.”

సాహిత్య తన నాయనమ్మ వెనక నిలబడి వింటోంది. ఏం చేసిందో తనకు సరిగ్గా తెలియలేదు కానీ, మంచిదే చేశానని అర్థమైంది.

సిగ్నల్ దొరికే చోట నిలబడి నాగలత, సాయికిరణ్ కలిసి గ్రూపులో ఒకే సందేశం రాశారు. జరిగినదంతా రాసి, బోర్డు ఫోటో పెట్టారు. ప్రోగ్రాము నడిపేటప్పుడు ప్రతి పేరు పక్కనా దాని విలువ కనిపించి తీరాలని నాగలత చేర్చింది. ఆ ‘అర’ కనపడబట్టే కదా తప్పు దొరికింది. వెంటనే షబ్రీన్ ఫోన్ చేసింది.

“మీరిద్దరూ ఒక్కటైతే నేను తేల్చేదేముంది మేడం. కానీ ఒక్క అనుమానం. తొవ్వలో మాటలన్నీ కంప్యూటరుకు చెప్పే పనులు. తెలుసుకో, చెప్పు. ఇదొక్కటే అందాం ఏంది? అను అంటే సరిపోదా?”

నాగలత ఒప్పుకోలేదు. “తెలుసుకోవడం, చెప్పడం యంత్రం చేసే పనులమ్మా. పేరు అలా కాదు. రాసినవాళ్ళూ చదివినవాళ్ళూ ఇద్దరూ ఒప్పుకుంటేనే అది పేరు. ఇవాళ రూప్‌సింగ్ అన్న ఎక్కుడు అంటే ఏందని అడిగి, ఒప్పుకున్నాకే కదా తప్పు పట్టాడు.”

“సరే మేడం. అట్లనే పెడదాం,” అంది షబ్రీన్.

ఆగస్టు రెండోవారంలో కొత్త తొవ్వ వచ్చింది. విడుదల పత్రం చివర ఎవరెవరికి ధన్యవాదాలు చెప్పాలో పేర్లు పంపమని షబ్రీన్ అడిగింది. నాగలత సాహిత్య పేరు, రూప్‌సింగ్ పేరు పంపింది. కూతురు చెబితే విని, ప్రభుత్వ పత్రం ఏదో అనుకుని రూప్‌సింగ్ కంగారుగా స్కూలుకొచ్చాడు.

“నా పేరెందుకు మేడం? నేను చేసిందేముంది? చదివిన. తప్పుంటే తప్పన్న.”

“అదే అన్నా. ఇంతకుముందు మీరు చదివే వీలు మేము ఇవ్వలేదు,” అంది నాగలత.

రూప్‌సింగ్ ఆమె ఫోన్‌లో తన పేరు రెండుసార్లు చదువుకుని, ఫోటో తీయించుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె సాయికిరణ్‌కు రాసింది. మొదట పెద్దగా రాయాలనుకుంది. అతను తనను మేడం అని పిలుస్తూనే సమానంగా వాదించాడని, ఒప్పుకోని పద్ధతికి కూడా తన ఆదివారం ఇచ్చాడని, వాన లెక్కచేయకుండా మూడు బస్సులు మారి వచ్చాడని. ఇవేవీ రాయలేకపోయింది. చివరికి రెండు వాక్యాలు పంపింది.

‘మీరు ఆ రోజు రాకపోయి ఉంటే, బహుశా వాదనలో నేనే గెలిచేదాన్ని. వచ్చినందుకు చాలా థాంక్స్, సాయికిరణ్.’

మణుగూరు బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలాక ఫోన్ మోగితే చూసింది. ‘బ్లాక్‌బోర్డు ముందుకు పిలిచినందుకు మీక్కూడా థాంక్స్ మేడం,’ అని ఉంది.